కృష్ణా తీరపు వజ్రాలు... యూదుల కన్నీళ్ళు

కూచిపూడి అనగానే అందరికీ నాట్యం గుర్తుకు వస్తుంది. ఆ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినవాడు గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అన్న ప్రతీతి కూడా మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. కూచిపూడి నుంచి తూర్పుగా వెళితే బందరు వస్తుంది. తానీషా ఏలుబడిలో అది పేరుమోసిన రేవుపట్టణం. ఇరాన్ వర్తకులు, డచ్చివారు, ఇంగ్లీషువారు, ఆర్మీనియన్లు అక్కడికి వచ్చి అద్దకం బట్టలు కొనేవారు. అదే కృష్ణానదికి ఎగువన, పల్నాటి వైపు, కొల్లూరు గనుల్లో వజ్రాలు దొరికేవి. ఆ వజ్రాలు సముద్రాలు దాటి ఐరోపా చేరాక వాటిని సానపట్టి, అమ్మి బతికినవారిలో ఎక్కువమంది ఎవరో తెలుసా? యూదులు. మన ఉర్దూలో యహూదీలు.

ఈ మాట మన ఇళ్ళలో ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. టీవీలో పాలస్తీనా వార్తలు వచ్చినప్పుడు వినిపిస్తుంది. ఎవరైనా డబ్బు విషయంలో గట్టిగా ఉంటే వాడిని తిట్టడానికి వినిపిస్తుంది. పిల్లలు ఈ రెండూ విని, యహూదీ అంటే ఒక దేశం సైన్యం అనో, లేదా ఒక తిట్టు అనో అనుకుంటారు. పాఠాలు చెప్పే మాబోటివారిని, వాళ్ళు ఎవరు, ఎక్కడుంటారు, వాళ్ళను అందరూ ఎందుకు తరిమారు అని పిల్లలు అడుగుతుంటారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జాతి గురించి దివ్యగ్రంథంలో చదివే పిల్లవాడికి ఆ జాతి తర్వాతి చరిత్ర కూడా తెలియాలి. అందుకే ఈ శుక్రవారం ఆ చరిత్రను మన కృష్ణా తీరం నుంచి చూద్దాం.

ఊరు విడిచి ఊరికి

క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేంను ముట్టడించి యూదుల ఆరాధనాలయాన్ని నేలమట్టం చేశారు. 135లో మరో తిరుగుబాటును అణచివేసి, యూదులు ఆ నగరంలో అడుగు పెట్టరాదని నిషేధించారు. అప్పటికే చాలా దేశాల్లో ఉన్న యూదులు ఆ తర్వాత మరింతగా చెదిరిపోయారు. ఏడో శతాబ్దంలో, హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో, జెరూసలేం ముస్లింల చేతికి వచ్చాకే యూదులు మళ్ళీ అక్కడ కాపురం ఉండగలిగారు.

ఐరోపాలో వారి బతుకు దినదినగండంగా గడిచింది. 1096లో మొదటి క్రూసేడుకు బయలుదేరిన మూకలు తూర్పుకు రాకముందే, దారిలోని రైన్ నది పట్టణాలైన వర్మ్స్, మైంజ్‌లలో యూదులను ఊచకోత కోశాయి. 1099లో ఆ సైన్యం జెరూసలేంలోకి చొరబడినప్పుడు ముస్లింలను, యూదులను కలిపే చంపింది. ఈ సంగతి మన పిల్లలకు చెప్పవలసినది. ఆ రోజు ఆ నగరంలో ఇద్దరి నెత్తురూ ఒకే కత్తికి అంటింది.

1290లో ఇంగ్లండు రాజు యూదులందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. 1306లో ఫ్రాన్సు రాజు అదే పని చేశాడు. 1348లో ప్లేగు మహమ్మారి వచ్చింది. రోగం ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు పుట్టింది. యూదులూ అదే రోగంతో చస్తున్నారు గదా అని ఆలోచించినవాళ్ళు కొద్దిమందే. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్ పట్టణంలో వందల మందిని సజీవంగా దహనం చేశారు. 1516లో వెనిస్ నగరంలో యూదులందరూ ఒకే పేటలో ఉండాలని, రాత్రి పూట దాని ద్వారాలు మూసివేయాలని ఆజ్ఞ వచ్చింది. ఆ పేట పేరు ఘెట్టో. ఈనాడు మన పత్రికల్లో ముస్లింలు కిక్కిరిసి ఉండే వాడలకు వాడే మాట అక్కడే పుట్టింది.

వడ్డీ వ్యాపారం అన్న నింద గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఐరోపాలో చాలాచోట్ల యూదుడికి పొలం కొనే హక్కు లేదు. వృత్తి సంఘాల్లో చేరే హక్కు లేదు. సంఘంలో లేనివాడు వడ్రంగం చేయరాదు, నేత నేయరాదు. క్రైస్తవులు వడ్డీకి ఇవ్వడాన్ని చర్చి నిషేధించింది. రాజులకు మాత్రం అప్పు కావాలి. అన్ని తలుపులూ మూసి, ఒక్క తలుపు తెరిచి ఉంచి, ఆ తలుపులో నిలబడ్డాడని నిందించారు. మన దేశంలో తోళ్ళ పని తప్ప మరో పని చేయనివ్వకుండా, ఆ పని చేసినందుకే ఒక కులాన్ని అంటరానిదన్న చరిత్ర ఉన్నవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

ముస్లింల ఏలుబడిలో

ముస్లిం రాజ్యాల్లో యూదులకు రక్షిత ప్రజల హోదా ఉండేది. జిజియా కట్టాలి. కొన్ని ఆంక్షలుండేవి. ముస్లింలతో సమాన హోదా కాదు. కానీ ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకు చట్టబద్ధమైన రక్షణ ఉండేది. ఆనాటి ఐరోపాలో అది అరుదు. పదో శతాబ్దంలో ఖుర్తుబా ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ ఆస్థానంలో హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ అనే యూదుడు వైద్యుడిగా, రాయబారిగా పనిచేశాడు. యూదుల మహా పండితుడు మూసా బిన్ మైమూన్ తన ప్రసిద్ధ తాత్విక గ్రంథాన్ని రాసింది అరబీ భాషలోనే. ఆయన కైరోలో సలాహుద్దీన్ అయ్యూబీ ఆస్థాన వైద్యుల్లో ఒకడు. ఆయన తమ్ముడు దావూద్ నగల వ్యాపారి. భారతదేశానికి సరుకుతో వస్తూ హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. ఆ దుఃఖంతో మూసా బిన్ మైమూన్ దాదాపు ఏడాది మంచం పట్టాడు.

కైరోలోని ఒక యూదు ప్రార్థనా మందిరపు గదిలో శతాబ్దాల నాటి పాత కాగితాలు లక్షల్లో దొరికాయి. వాటిలో భారతదేశంతో వ్యాపారం చేసిన యూదుల ఉత్తరాలున్నాయి. ఇబ్న్ యీజూ అనే వర్తకుడు పన్నెండో శతాబ్దంలో మంగళూరులో ఏళ్ళ తరబడి ఉండి, ఏడెన్‌లోని స్నేహితులకు మిరియాలు, ఇనుము పంపుతూ ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు అరబీ భాషలో, హీబ్రూ లిపిలో ఉన్నాయి.

ఇంతవరకు చెప్పి ఆపితే అది చరిత్ర కాదు, డప్పు కొట్టుకోవడం. మూసా బిన్ మైమూన్ పుట్టింది ఖుర్తుబాలో. బాల్యంలోనే ఆయన కుటుంబం ఆ నగరం విడిచి పారిపోయింది. ఎందుకంటే మువహ్హిదూన్ పాలకులు వచ్చి, మతం మారండి, లేదా వెళ్ళిపొండి అన్నారు. అంతకుముందు 1066లో గర్నాతాలో ఒక యూదు వజీరు మీది కోపంతో జనం ఆ ఊరి యూదుల మీద పడి ఎంతోమందిని చంపారు. మన కాలానికి వస్తే 1941 జూన్‌లో బాగ్దాదులో రెండు రోజుల పాటు యూదుల ఇళ్ళు దోచి, నూట డెబ్బై మందికి పైగా చంపారు. అదే బాగ్దాదులో ఎందరో ముస్లింలు తమ పొరుగింటి యూదులను లోపల దాచి, గుమ్మంలో నిలబడి మూకను వెనక్కి పంపారు. ఒకే నగరం, ఒకే మతం, అవే రెండు రోజులు. చంపినవాడూ ఉన్నాడు, కాపాడినవాడూ ఉన్నాడు. ధర్మం పేరులో లేదు, చేతలో ఉంది అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

గోవా చితిమంటలు, కొచ్చి ఆశ్రయం

1492 జనవరిలో గర్నాతా క్రైస్తవ రాజుల చేతికి పోయింది. అదే సంవత్సరం స్పెయిన్ యూదులందరూ మతం మారాలి, లేదా దేశం విడవాలి అన్న ఆజ్ఞ వెలువడింది. ముస్లింలకు ఇచ్చిన మాటనూ పదేళ్ళలోనే తప్పారు. ఉస్మానియా సుల్తాన్ రెండో బాయజీద్ ఆ యూదులను తన రాజ్యంలోకి రానిచ్చాడు. ఇస్తాంబుల్, సలోనికా నగరాల్లో వేలమంది స్థిరపడ్డారు. పోర్చుగల్‌కు పారిపోయినవాళ్ళకు మాత్రం 1497లో బలవంతపు మతమార్పిడి ఎదురైంది. పైకి క్రైస్తవులు, లోపల యూదులుగా వాళ్ళు తరాల తరబడి భయపడుతూ బతికారు.

ఆ భయం మన దేశానికీ వచ్చింది. గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు 1534లో గోవా చేరాడు. అహ్మద్‌నగర్ సుల్తాన్ బుర్హాన్ నిజాం షాకు వైద్యం చేశాడు. మన దేశపు మూలికల మీద 1563లో గొప్ప గ్రంథం అచ్చువేశాడు. అతని కుటుంబం యూదు మూలాలది. 1560లో గోవాలో మతవిచారణ కోర్టు ఏర్పడింది. 1568లో ఓర్తా మరణించాడు. మరుసటి ఏడాది అతని సోదరిని రహస్యంగా యూదు మతం పాటిస్తోందని సజీవ దహనం చేశారు. 1580లో ఓర్తా సమాధిని తవ్వి, ఎముకలు తీసి కాల్చారు. చచ్చినవాడిని కూడా వదలలేదు. ఆ కోర్టు హిందువులను, ముస్లింలను కూడా హింసించింది.

గోవాలో ఈ మంటలు మండుతున్నప్పుడే, దానికి దక్షిణంగా కొచ్చిలో వేరే సంగతి జరిగింది. క్రాంగనూరు నుంచి, పోర్చుగీసు పీడ నుంచి వచ్చిన యూదులకు కొచ్చి రాజు తన కోట పక్కనే స్థలం ఇచ్చాడు. 1568లో అక్కడ వాళ్ళు కట్టుకున్న ప్రార్థనా మందిరం ఇప్పటికీ మట్టంచేరిలో ఉంది. ఓర్తా గోవాలో చనిపోయింది కూడా 1568లోనే అని గుర్తుంచుకోండి.

కొల్లూరు గని, ఆమ్‌స్టర్‌డాం సాన

పోర్చుగల్ నుంచి పారిపోయిన యూదుల్లో కొందరు హాలండు దేశపు ఆమ్‌స్టర్‌డాం చేరారు. ఆనాడు ప్రపంచ వాణిజ్యానికి అది పెద్ద బజారు. బందరులో 17వ శతాబ్దం మొదట్లోనే గిడ్డంగి పెట్టిన డచ్చి కంపెనీకి కేంద్రం ఆ నగరమే. అక్కడ యూదులను బలవంతంగా మతం మార్చలేదు, ఘెట్టోలో మూయలేదు. కానీ పాత వృత్తి సంఘాలు మాత్రం చాలావరకు వాళ్ళను చేర్చుకోలేదు. అందుకని వాళ్ళు సంఘాలు లేని కొత్త వృత్తులు చూసుకున్నారు. చక్కెర శుద్ధి, పొగాకు, పుస్తకాల అచ్చు, అన్నిటికీ మించి వజ్రాల సాన.

ఆ వజ్రాలు ఎక్కడివి? 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళాయి. వాటిలో శ్రేష్ఠమైనవి గోల్కొండ రాజ్యంవి. కొల్లూరు చూసిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వితే, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవారట. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది.

గోల్కొండ వజ్రం కోసం యూదు వర్తకులు స్వయంగా తూర్పు తీరానికి వచ్చారు. వారి స్థావరం మద్రాసు. లండన్ నుంచి, ఇటలీ రేవు లివోర్నో నుంచి పగడాలు, వెండి తెచ్చి ఇచ్చేవారు. వజ్రాలు తీసుకుపోయేవారు. మన ఆడపడుచుల మెడలోని పగడాల దండకూ, లండన్ దొరసాని వేలి ఉంగరానికీ మధ్య ఉన్న దారి అది. ఆమ్‌స్టర్‌డాం యూదుల్లో ఒకడైన జాక్ ద పైవా మద్రాసులో స్థిరపడి, గోల్కొండ గనుల దాకా వెళ్ళి వ్యాపారం చేశాడు. అలా వెళ్ళినప్పుడే జబ్బుపడి 1687లో మద్రాసులో మరణించాడు. హీబ్రూ అక్షరాల సమాధిరాయి అతని గుర్తుగా మిగిలింది. గోల్కొండ కోట ఔరంగజేబు సైన్యానికి చిక్కి, తానీషా బందీ అయింది కూడా ఆ 1687లోనే. మరుసటి సంవత్సరం మద్రాసు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని ఆల్డర్మన్లలో యూదు వర్తకులకూ స్థానం దక్కింది. అదే కాలంలో లిస్బన్‌లో అయితే వాళ్ళకు దక్కేది చెరసాల.

1675లో ఆమ్‌స్టర్‌డాంలో యూదులు ఒక పెద్ద ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. అది ఇంకా నిలిచి ఉంది. కూచిపూడి భాగవతులకు తానీషా అగ్రహారం ఇచ్చాడని చెప్పుకునే రోజులూ ఇంచుమించు అవే. ఒక రాజు తన మతం కానివాడికి ఊరు ఇచ్చాడు. ఒక నగరం తన మతం కానివాడికి నిలబడే చోటు ఇచ్చింది. రెండింటినీ జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

హైదరాబాదు వచ్చిన సర్మద్

ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర హజ్రత్ సర్మద్ షహీద్ దర్గా చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆయన ఇరాన్‌కు చెందిన యూదు కుటుంబంలో పుట్టాడని ఎందరికి తెలుసు? వర్తకుడిగా సింధులోని ఠట్టా రేవుకు వచ్చి, ఫకీరుగా మారాడు. ఆయన శిష్యుడు అభయచంద్ హిందువు. గురుశిష్యులు ఇద్దరూ 1640లలో హైదరాబాదులో ఉన్నారు. వివిధ మతాల గురించి ఫారసీలో వచ్చిన 'దబిస్తానె మజాహిబ్' గ్రంథకర్త 1647లో సర్మద్‌ను హైదరాబాదులోనే కలిశాడు. యూదుల గురించి ఆయన నోట విన్న సంగతులు ఆ గ్రంథంలో చేర్చాడు. తౌరాత్ మొదటి అధ్యాయాలకు అభయచంద్ చేసిన ఫారసీ అనువాదం కూడా అందులో ఉంది. హజ్రత్ మూసా గ్రంథాన్ని ఒక హిందువు, ఒక యూదు గురువు దగ్గర నేర్చుకుని, ఫారసీలోకి మార్చాడు. సర్మద్‌ను ఔరంగజేబు కాలంలో, 1661 ప్రాంతంలో, ఢిల్లీలో వధించారు. హైదరాబాదు ఆయనను ఆదరించింది, ఢిల్లీ ఆయన తల తీసింది.

జాబితాలో చుక్కలు

ఆమ్‌స్టర్‌డాం యూదులు మూడు వందల ఏళ్ళు ప్రశాంతంగా బతికారు. వాళ్ళ వజ్రాల సాన కార్మికులు కట్టుకున్న సంఘం ఆ దేశంలోనే బలమైన కార్మిక సంఘాల్లో ఒకటి. తరతరాలుగా ఆ నేలలో పాతుకుపోయాం, ఇక మనకేం భయం అనుకున్నారు. 1940 మేలో జర్మన్ సైన్యం వచ్చింది.

మొదట ఎవరినీ చంపలేదు. లెక్క రాశారు. యూదు అయిన ప్రతివాడూ పేరు నమోదు చేసుకోవాలని 1941 జనవరిలో ఆజ్ఞ వచ్చింది. దాదాపు అందరూ చేసుకున్నారు. ప్రభుత్వం అడిగింది గదా, తప్పు చేయనివాడికి భయమెందుకు అనుకున్నారు. గుర్తింపు కార్డుల మీద ప్రత్యేక అక్షరం వేశారు. నగర కార్యాలయంలో గుమాస్తాలు కూర్చుని ఆమ్‌స్టర్‌డాం పటం మీద, పది మంది యూదులకు ఒక చుక్క చొప్పున, ఎక్కడెక్కడ ఎందరున్నారో గుర్తులు పెట్టారు. ఆ గుమాస్తాలు రాక్షసులు కారు. జీతం కోసం పని చేసే మామూలు ఉద్యోగులు. ఆ తర్వాత ఉద్యోగాల నుంచి తీసివేత, పార్కుల్లోకి ప్రవేశ నిషేధం, 1942లో బట్టల మీద పసుపు నక్షత్రం, ఆ వేసవి నుంచి రైళ్ళు. వజ్రాల పనివాళ్ళ నైపుణ్యం కావాలి గనుక వాళ్ళకు కొంతకాలం మినహాయింపు ఇచ్చారు. చివరకు వాళ్ళలోనూ ఎందరినో శిబిరాలకు పంపారు.

నెదర్లాండ్స్‌లో ఉన్న సుమారు లక్షా నలభై వేల మంది యూదుల్లో లక్ష మందికి పైగా హతమయ్యారు. ఐరోపా మొత్తం మీద అరవై లక్షలు. సుల్తాన్ బాయజీద్ ఆశ్రయమిచ్చిన వారి సంతతి నివసించిన సలోనికా నగరం నుంచి 1943లో రైళ్ళలో నలభై వేలకు పైగా జనాన్ని ఆష్విట్జ్‌కు పంపితే తిరిగి వచ్చినవారు చాలా కొద్దిమంది.

ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. 1941 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డాంలో యూదు యువకులను పట్టుకుపోతే, ఆ నగరపు ట్రాము కార్మికులు, రేవు కార్మికులు పని ఆపేశారు. యూదులు కాని ఆ కార్మికులు రెండు రోజులు జర్మన్ తుపాకుల ఎదుట నిలబడ్డారు. సమ్మెను అణచివేశారు, కొందరి ప్రాణాలు పోయాయి. అయినా ఏటా ఆ రోజున ఆ నగరం వాళ్ళను తలచుకుంటుంది.

ఈ దుఃఖం హైదరాబాదు దాకా వచ్చింది. దివ్య ఖురాన్‌కు ఇంగ్లీషులో వ్యాఖ్యానం రాసిన ముహమ్మద్ అసద్ పేరు మీరు విని ఉంటారు. ఆయన 1900లో యూదు కుటుంబంలో లియోపోల్డ్ వైస్‌గా పుట్టాడు. ఆయన తాత యూదు మతాచార్యుడు. 1926లో ఇస్లాం స్వీకరించిన అసద్, పిక్తాల్ మరణానంతరం నిజాం పోషణలో హైదరాబాదు నుంచి వెలువడే 'ఇస్లామిక్ కల్చర్' పత్రికకు సంపాదకుడయ్యాడు. 1939లో యుద్ధం మొదలవగానే శత్రుదేశపు పౌరుడని బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను మన దేశంలోనే నిర్బంధించింది. 1945 దాకా విడిచిపెట్టలేదు. ఆయన ఆ ముళ్ళకంచె లోపల ఉండగా, ఐరోపాలో ఆయన తండ్రిని, సోదరిని యూదులన్న కారణంతో తీసుకుపోయి చంపారు. అసద్ రచనలు మన మదర్సాల అల్మారాల్లో ఉన్నాయి. వాటి వెనుక ఈ కథ ఉంది.

తలుపు తెరిచినవారు

ఐరోపాలో ముస్లింలు అధికంగా ఉన్న అల్బేనియా దేశాన్ని కూడా జర్మన్లు ఆక్రమించారు. యూదుల జాబితా ఇమ్మన్నారు. ఇవ్వలేదు. అక్కడి ముస్లిం రైతులు, దుకాణదారులు, యూదు కుటుంబాలకు తమ బట్టలు తొడిగి, ముస్లిం పేర్లు పెట్టి, ఇళ్ళలో దాచారు. క్రైస్తవులూ అలాగే చేశారు. ఇచ్చిన మాటను, ఇంటికి వచ్చిన అతిథిని ప్రాణం పోయినా కాపాడాలన్న కట్టుబాటును వాళ్ళు 'బెసా' అంటారు. యుద్ధానికి ముందుకంటే యుద్ధం ముగిసేనాటికి ఆ దేశంలో యూదులు ఎక్కువమంది ఉన్నారు. జర్మనీ రాజధాని బెర్లిన్‌లోనే ముహమ్మద్ హెల్మీ అనే ఈజిప్టు వైద్యుడు ఒక యూదు అమ్మాయిని ఏళ్ళ తరబడి దాచి బతికించాడు. హోలోకాస్టులో యూదులను కాపాడిన అన్యమతస్థులకు ఇచ్చే గౌరవం 2013లో ఆయనకు ప్రకటించారు. అది పొందిన మొదటి అరబ్బు ఆయనే.

వీళ్ళు ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. తలుపు తట్టినవాడికి తలుపు తీశారు, అంతే. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఎదుట నుంచి ఒక శవయాత్ర వెళుతుంటే ఆయన లేచి నిలబడ్డారనీ, అది యూదుడిదని సహచరులు చెబితే, అతడూ ఒక ప్రాణమే కదా అన్న అర్థంలో అడిగారనీ హదీసు చెబుతుంది. శవానికి లేచి నిలబడమన్న ధర్మం, బతికున్నవాడిని గుమ్మం బయట వదిలేయమంటుందా?

మన పొరుగు తెలుగు యూదులు

ఇదంతా దూరపు కథ అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. తమను బెనే ఎఫ్రాయీం అని పిలుచుకుంటారు. మన బందరులోనూ ఆ మతం పాటించే కొద్ది కుటుంబాలున్నాయి. వీళ్ళు మాదిగ సామాజికవర్గం నుంచి వచ్చినవారు. ఎన్నడో చెదిరిపోయిన ఇస్రాయీలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీం సంతతి తామేనని వాళ్ళ నమ్మకం. 1980ల నుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. 1990ల తొలినాళ్ళలో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. శనివారం పని మానేసి ప్రార్థన చేస్తారు. పంది మాంసం ముట్టరు. ప్రార్థన హీబ్రూలో, ఇంటి మాట తెలుగులో. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద రాసిన పుస్తకం 2013లో వెలువడింది. ఇస్రాయేలు ప్రభుత్వం వీళ్ళను యూదులుగా అధికారికంగా గుర్తించలేదు. వీళ్ళలో చాలామంది పొలం పనులు చేసుకునేవారు. ప్రపంచాన్ని యూదులే ఆడిస్తున్నారని అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్ళు ఒకసారి కొత్తరెడ్డిపాలెం వెళ్ళి, మిరపచేలో కూలికి వెళ్ళే యూదు తల్లిని చూసి రావాలి.

వంశం గురించి వాళ్ళు చెప్పేది నిజమా కాదా అన్న వాదంలోకి మనం వెళ్ళనక్కరలేదు. కులం పేరుతో ఊరి చివర నిలబెట్టిన మనుషులు, తమకూ ఒక గౌరవప్రదమైన చరిత్ర ఉందని వెతుక్కున్నారు. మన పూర్వీకులలోనూ ఎందరో ఆ గౌరవం వెతుక్కుంటూనే మసీదు గుమ్మం ఎక్కారు.

రాజ్యం వేరు, మనిషి వేరు

ఇక్కడ పాఠకుల మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంత బాధపడినవాళ్ళే పాలస్తీనా ప్రజలను ఎందుకు బాధిస్తున్నారు? ఆ ప్రశ్న న్యాయమైనదే. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనియన్లు ఇళ్ళు కోల్పోయారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1200 మంది మరణించారు. ఆ తర్వాత గాజాలో జరిగిన యుద్ధంలో పదుల వేల మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలు ఎందరో. ఆ అన్యాయాన్ని అన్యాయమనే అంటాం. ఎవరి బిడ్డ చచ్చినా తల్లి కడుపు ఒక్కటే.

కానీ ఒక ప్రభుత్వం చేసిన పనికి ఆ మతం వాళ్ళందరినీ దోషులుగా నిలబెట్టడం వేరే సంగతి. ఆ తర్కం ఎంత ప్రమాదమో మనకు చెప్పనవసరం లేదు. ఎక్కడో ఎవడో బాంబు పెడితే, ఇక్కడ అద్దె ఇల్లు అడగడానికి వెళ్ళిన మన పిల్లవాడిని పేరు విని వెనక్కి పంపినప్పుడు మన గుండె ఎంత మండుతుంది? స్ట్రాస్‌బర్గ్‌లో బావి విషం పుకారును నమ్మినవాళ్ళదీ ఇదే తర్కం. ఆ తర్కం మన నోట రాకూడదు.

2008 నవంబరులో ముంబాయి మీద దాడి చేసినవాళ్ళు నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రంలో కూడా మనుషులను చంపారు. చనిపోయిన తొమ్మిది మంది దాడిదారుల శవాలను తమ శ్మశానవాటికలో పాతిపెట్టనివ్వబోమని ముంబాయి ముస్లిం జమా మసీదు ట్రస్టు తేల్చి చెప్పింది. కలకత్తాలో యూదుల ప్రార్థనా మందిరాలను తరాలుగా ముస్లిం కుటుంబాల వాళ్ళు ఊడ్చి, దీపం పెట్టి కాపాడుతున్నారు. అక్కడ యూదులు స్థాపించిన బాలికల పాఠశాలలో ఇప్పుడు చదివేవాళ్ళలో అత్యధికులు మన ముస్లిం ఆడపిల్లలే. ఈ సంగతులు పత్రికల్లో ఒక రోజు వచ్చి పోతాయి. ఇళ్ళలో పిల్లలకు మాత్రం పదేపదే చెప్పాలి.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. యహూదీ అన్న మాటను ఇంట్లో తిట్టుగా వాడకండి. అది ఒక ప్రవక్త జాతి పేరు. పిల్లలు పాలస్తీనా గురించి అడిగితే న్యాయం చెప్పండి, దానితోపాటే ఆమ్‌స్టర్‌డాం పటం మీది చుక్కల గురించీ చెప్పండి. అల్బేనియా రైతు గురించి చెప్పండి. ఏ ఊళ్ళోనైనా, ఏ కాలంలోనైనా, కొద్దిమందిగా ఉన్నవాళ్ళను వేరుగా లెక్క రాయడం మొదలైతే, ఆ కొద్దిమంది ఎవరైనా సరే, వాళ్ళ పక్కన నిలబడడం నేర్పండి. అది నేర్చిన పిల్లవాడు రేపు మనకు కష్టం వచ్చినప్పుడు ఇతరులు ఎందుకు రాలేదని అడిగే హక్కు సంపాదించుకుంటాడు.